పదహారు బై ఎనిమిది: ఎల్‌ఈడీ గోడకు స్లయిడ్లు సిద్ధం చేసిన డైరీ

సోమవారం

పని ఇదీ. రిటైరైన ఇరిగేషన్ ఇంజినీరు గారొకరు విజయవాడలో కృష్ణా ఆనకట్ట మీద ప్రసంగం ఇస్తున్నారు. 1852లో మొదలై 1855లో పూర్తయిన పాత ఆనకట్ట, 1952లో అది తెగిపోవడం, 1957కల్లా ప్రకాశం బ్యారేజీ తయారవడం, అక్కడి నుంచి 2024 సెప్టెంబరు వరద దాకా చెబుతారు. ఆయన దగ్గర స్లయిడ్లు లేకపోలేదు. కాకపోతే అవన్నీ 4:3 నిష్పత్తిలో, పాత ప్రొజెక్టర్ల కోసం చేసినవి. ఇప్పుడు ప్రసంగం పెట్టిన హాలులో ప్రొజెక్టరే లేదు, స్టేజీ వెనకాల పెద్ద ఎల్‌ఈడీ గోడ ఉంది. స్లయిడ్లను ఆ గోడకు తగ్గట్టు మళ్ళీ కట్టడం నా పని.

"ఉన్నవాటినే కాస్త వెడల్పు చేసెయ్యమ్మా, చాలు" అన్నారు ఆయన. వెడల్పు చేస్తే ఏమవుతుందో ఆయన ముందే చేసి చూపించాను. పవర్‌పాయింట్‌లో డిజైన్ ట్యాబ్, అందులో స్లయిడ్ సైజ్, అక్కడ వైడ్‌స్క్రీన్ నొక్కాను. బ్యాక్‌గ్రౌండ్‌గా పెట్టిన గుండ్రటి చిహ్నం కోడిగుడ్డులా సాగిపోయింది. బ్యాక్‌గ్రౌండ్‌లో నింపిన బొమ్మ స్లయిడ్ ఎంతుంటే అంత మేరా పరుచుకుంటుంది, దాని అసలు ఆకారం ఏమైనా పట్టించుకోదు. ఆయన కళ్ళద్దాలు సర్దుకుని చూసి, "సరే, నీ పద్ధతిలోనే చెయ్యి" అన్నారు.

నా పద్ధతిలో మొదటి పని సాఫ్ట్‌వేర్ తెరవడం కాదు, గోడ కొలతలు కనుక్కోవడం. అవి చేతిలో లేకుండా స్లయిడ్ సైజ్ జోలికి పోతే తర్వాత ఒక్కో బొమ్మనూ మళ్ళీ జరుపుకోవాలి.

మంగళవారం

హాలు మేనేజరుకు ఫోన్ చేస్తే "ఫుల్ హెచ్‌డీ అండీ, ఇరవై అడుగుల బై పది" అన్నారు. ఆ రెండు మాటలూ కలిసి నిజం కావు. ఫుల్ హెచ్‌డీ అంటే అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలు (పిక్సెళ్ళు), అంటే 16:9. ఇరవై బై పది అంటే 2:1. ప్రసంగాలు, పెళ్ళిళ్ళు రోజూ జరిగే చోట ఈ సంఖ్యలు ఒక కాగితం మీద రాసి గోడకు అతికించి ఉంచాలని నా గట్టి అభిప్రాయం. ప్రతి వక్తా అడిగే మొదటి ప్రశ్న అదే.

అందుకే సాయంత్రం బందరు రోడ్డు మీదుగా నేనే వెళ్ళి, గోడను నడిపే ఆపరేటర్ కుర్రాడిని కలిశాను. అతను గోడ వెనక్కి తీసుకెళ్ళి క్యాబినెట్లు, అంటే గోడగా పేర్చిన ఎల్‌ఈడీ పలకలు చూపించాడు. ఒక్కోటి అర మీటరు చదరం. అడ్డంగా 12, నిలువుగా 6. పిచ్ 3.91 మిల్లీమీటర్లు, అంటే ఒక చుక్క నుంచి పక్క చుక్కకు ఉన్న దూరం అది. ఆ పిచ్‌లో అర మీటరు క్యాబినెట్‌కు అడ్డంగా 128, నిలువుగా 128 చుక్కలు పడతాయి. లెక్క అక్కడితో తేలిపోయింది: అడ్డంగా 1536, నిలువుగా 768. గోడ 6 మీటర్ల బై 3 మీటర్లు. మేనేజరు చెప్పిన ఇరవై బై పది దాదాపు సరైనదే, ఫుల్ హెచ్‌డీ మాత్రం కాదు.

"మరి ఫుల్ హెచ్‌డీ అని ఎందుకంటున్నారు?" అని అడిగాను.

"లోపలికి తీసుకునేది ఫుల్ హెచ్‌డీయే మేడమ్. ల్యాప్‌టాప్ నుంచి ప్రాసెసర్‌కు, అంటే గోడకు బొమ్మ పంపే పెట్టెకు, 1920 వస్తుంది. దాన్ని గోడకు కుదించి పంపుతాం."

"కుదించకుండా, ఎడమ పక్క పై మూల నుంచి 1536 బై 768 ముక్క మాత్రం తీసుకుని ఉన్నది ఉన్నట్టు చూపించగలరా?"

"చూపించొచ్చు మేడమ్. ఎవరూ అడగరు, అంతే."

నాకు కావలసిన మాట అదే. ఇంటికి వచ్చాక పాత స్లయిడ్లను ఈ గోడ మీద ఊహించి లెక్క వేశాను. 4:3 స్లయిడ్‌ను నిలువు సరిపోయేలా చూపిస్తే 1024×768 అవుతుంది. రెండు పక్కలా 256 చుక్కల చొప్పున, అంటే మీటరు చొప్పున నల్లగా మిగులుతుంది. మామూలు 16:9 స్లయిడ్ అయితే 1365 చుక్కలు నిండి, రెండు పక్కలా మూడో వంతు మీటరు ఖాళీ. ఖాళీ ఎందుకని లాగి నింపితే ప్రతి గుండ్రమూ ఎనిమిదో వంతు లావెక్కుతుంది, మనుషుల ముఖాలు సహా. పాత ఫొటోల్లో కూలీల ముఖాలు ఉన్నాయి. వాటిని సాగదీసి చూపడానికి నాకు మనసొప్పదు.

బుధవారం రాత్రి

స్లయిడ్ సైజ్ నిర్ణయించాను: 16 అంగుళాల బై 8 అంగుళాలు.

ఈ అంకెలు ఎలా వచ్చాయో రాసి పెట్టుకోవాలి. పవర్‌పాయింట్ స్లయిడ్‌కు చుక్కలు ఉండవు, అంగుళాలే ఉంటాయి. మామూలు వైడ్‌స్క్రీన్ స్లయిడ్ 13.333 బై 7.5 అంగుళాలు, పాత 4:3 స్లయిడ్ 10 బై 7.5. తెర మీద చూపించేటప్పుడు ఆ అంగుళాలకు సొంత అర్థమేమీ లేదు. నిష్పత్తి ఒక్కటే లెక్క. 4 బై 2 పెట్టినా, 40 బై 20 పెట్టినా తెర నిండుతుంది. అయితే స్లయిడ్‌ను బొమ్మగా సేవ్ చేసినప్పుడు పవర్‌పాయింట్ మామూలుగా అంగుళానికి 96 చుక్కల చొప్పున గీస్తుంది. 1536ను 96తో భాగిస్తే 16. 768ను భాగిస్తే 8. అందుకే 16 బై 8 పెట్టుకుంటే స్లయిడ్ మీద ఒక అంగుళం గోడ మీద 96 చుక్కలు. అక్షరం సైజు కూడా నోటి లెక్కతోనే తేలుతుంది: ఒక పాయింటు అంటే అంగుళంలో 72వ వంతు, కాబట్టి మూడు పాయింట్లకు నాలుగు చుక్కలు. ఇక అంతా ఈ లెక్క మీదే నడుస్తుంది.

మన కంప్యూటర్లలో ఆ కస్టమ్ సైజ్ పెట్టె సెంటీమీటర్లలో కనిపిస్తుంది. 40.64, 20.32 అని కొట్టవచ్చు. లేదా 16 పక్కన అంగుళం గుర్తు పెట్టి కొడితే అదే మార్చుకుంటుంది.

ఇంకొకటి, మొదటిసారి సేవ్ చేయకముందే చేయాల్సింది. ఫైల్, ఆప్షన్స్, అడ్వాన్స్‌డ్‌లోకి వెళ్ళి, ఫైలులోని బొమ్మలను కుదించవద్దు అనే గడిలో టిక్ పెట్టాను. అది పెట్టకపోతే సాధారణంగా సేవ్ చేసినప్పుడు బొమ్మలు అంగుళానికి 220 చుక్కలకు తగ్గిపోతాయి. గోడకు ఆ 220 కూడా ఎక్కువే. కానీ సీతానగరం వైపు నుంచి తీసి అతికించిన బ్యారేజీ పొడవాటి ఫొటో అడ్డంగా 7200 చుక్కలు ఉంది. 16 అంగుళాల స్లయిడ్‌లో 220 లెక్కన 3520 మాత్రమే మిగులుతాయి. అదే ఫొటోతో హాలు గుమ్మం దగ్గర ఫ్లెక్సీ కూడా కావాలి కాబట్టి ఒక్క చుక్క కూడా పోగొట్టుకోను.

పాత ఫైలును మార్చడం మానేసి, ఖాళీ ఫైలుకు ముందు కొలత పెట్టి, అందులోకి ఒక్కో బొమ్మా, ఒక్కో పేరా తెచ్చుకుంటున్నాను. పాత తెలుగు వాక్యాలు అను ఫాంట్లలో ఉన్నాయి. ఆ ఫాంట్ లేని కంప్యూటర్లో అవి ఇంగ్లిష్ అక్షరాల చెత్తలా కనిపిస్తాయి. అవన్నీ ఏ కంప్యూటర్లోనైనా తెలుగుగానే కనబడే యూనికోడ్‌లో మళ్ళీ కొట్టాలి. ఎలాగూ కొడుతున్నాను కదా అని వాక్యాలు కుదిస్తున్నాను కూడా.

గురువారం

ఈ రోజంతా అక్షరాల మీదే పోయింది. పోతే పోయింది, ఈ పనిలో అసలు సంగతి ఇక్కడే ఉంది.

పాత స్లయిడ్లలో కింది వివరాలు 18 పాయింట్లలో ఉన్నాయి. 7.5 అంగుళాల ఎత్తులో 18 పాయింట్లంటే, ఈ గోడ మీద సుమారు 26 చుక్కలు. ఇంగ్లిష్ అక్షరమైతే 26 చుక్కల్లో నిక్షేపంగా నిలబడుతుంది. తెలుగుకు ఆ 26లోనే పైన తలకట్టు, గుడి, కింద వత్తు, అన్నింటికీ చోటు కావాలి. అసలు అక్షరానికి మిగిలేది అందులో సగానికి అటూ ఇటూ.

'ఆనకట్ట' అని కొట్టి, ఆ సైజులో బొమ్మగా సేవ్ చేసి, కంప్యూటర్లో బాగా పెద్దది చేసి చూశాను. ట కింద ఉన్న ట వత్తులో గీత మందం రెండు చుక్కలు, లోపలి ఖాళీ ఒక చుక్క. ఆ ఒక్క చుక్క కూడా పూర్తిగా నలుపు కాదు, బూడిద రంగు. గోడ మీద ఆ ఖాళీ పూడిపోయి వత్తు ఒక ముద్దలా కనబడుతుంది. 'రాష్ట్రం' ఇంకా కష్టం. షకు కింద రెండు వత్తులు దిగి, కింది లైను గుడులను తాకుతున్నాయి.

తేల్చుకున్నది: ఎక్కడా 32 పాయింట్లకు తగ్గను. అది 43 చుక్కలు, గోడ మీద దాదాపు 17 సెంటీమీటర్లు. ముఖ్యమైన వాక్యాలు 40 పాయింట్లు. లైన్ల మధ్య ఎడం 1.2. ఫాంట్ మండలి. శీర్షికలకు రామభద్ర, అది 60 పాయింట్లు పైబడితేనే. లావాటి అక్షరం కాబట్టి చిన్నగా పెడితే లోపలి ఖాళీలు మూసుకుపోతాయి. సన్నటి గీతల ఫాంట్లు పుస్తకంలో ఎంత అందంగా ఉన్నా ఈ గోడకు వద్దు.

ఈ సైజులు పెట్టాక ఒక స్లయిడ్‌లో ఐదు లైన్లు మించి పట్టవు. 2:1 స్లయిడ్ అడ్డంగా విశాలమే, నిలువుగా మాత్రం పిసినారి. అందుకని వాక్యాన్ని ఈ చివర నుంచి ఆ చివర దాకా పరచకూడదు. ఆరు మీటర్ల లైను చదవాలంటే ముందు వరుసలో వాళ్ళు మెడ తిప్పాలి. స్లయిడ్‌ను మూడు నిలువు భాగాలు చేసుకుని, రెండు భాగాలు బొమ్మకు, ఒకటి మాటలకు ఇచ్చాను. డెల్టా మ్యాపు ఒక్కదానికి తిరగేశాను. అది నిలువుగా ఉంటుంది కాబట్టి దానికి ఒక భాగం, విజయవాడ వైపు నుంచి బయల్దేరే ఏలూరు, బందరు, రైవస్ కాలువల సంగతికి రెండు భాగాలు.

వరదల పట్టిక దగ్గర ఇంజినీరు గారికీ నాకూ కాసేపు వాదన జరిగింది. సంవత్సరాలు, క్యూసెక్కులు, నీటి మట్టం, అన్నీ గడుల్లో ఉండాలని ఆయన పట్టు.

"జనం అంకెలు చూడాలమ్మా, నా మాట మీద నమ్మడం కాదు."

"చూడాలంటే కనపడాలి కదండీ. పట్టిక మొత్తం పెడితే ఒక్కో అంకె బొటనవేలంత ఉంటుంది. ఒక్కో వరదకు ఒక్కో స్లయిడ్ ఇద్దాం."

చివరికి 2024 సెప్టెంబరుకు ఒక పూర్తి స్లయిడ్ పెట్టాం. నల్లటి నేల మీద '11.43 లక్షల క్యూసెక్కులు'. అందులో 11.43 మాత్రం 150 పాయింట్లు, గోడ మీద దాదాపు 78 సెంటీమీటర్లు. అది చూశాక ఆయన మిగతా వరదలకు కూడా అలాగే కావాలన్నారు. పట్టికను కాగితం మీద ముద్రించి పంచుదామని ఒప్పందం.

శుక్రవారం

చూపించే ఫైలు వేరు, పని చేసే ఫైలు వేరు. ఎందుకంటే 2:1 స్లయిడ్‌ను 1920×1080 అవుట్‌పుట్‌కు నేరుగా పంపితే పవర్‌పాయింట్ దాన్ని 1920×960కి పెంచి, పైనా కిందా 60 చుక్కల నల్ల పట్టీలు వేస్తుంది. దాన్ని ప్రాసెసర్ మళ్ళీ 1536కు కుదించాలి. ఒకసారి పెంచి, ఒకసారి కుదిస్తే సన్నటి గీతలు అలుక్కుపోతాయి.

అందుకని రెండో ఫైలు ఒకటి చేశాను. దాని సైజ్ 20 బై 11.25 అంగుళాలు. 1920ని 96తో భాగిస్తే 20, 1080ని భాగిస్తే 11.25. నల్లటి ఖాళీ స్లయిడ్లు. పని ఫైలు నుంచి స్లయిడ్లన్నీ పీఎన్‌జీ బొమ్మలుగా తీశాను. ఒక్కోటి కచ్చితంగా 1536×768 వచ్చింది. ఆ బొమ్మను రెండో ఫైలులో ఎడమ పక్క పై మూలకు ఆనించి, 16 బై 8 అంగుళాల్లో పెట్టాను. ఇప్పుడు ఎక్కడా పెంచడం, కుదించడం లేదు. నా బొమ్మలో ఒక చుక్క గోడ మీద ఒక చుక్క.

ఇలా చేస్తే యానిమేషన్లు పోతాయి. మాకు అవి అక్కర్లేదు, స్లయిడ్ మారేటప్పుడు వచ్చే ఫేడ్ చాలు. దీనివల్ల వచ్చే లాభం పెద్దది: హాలు కంప్యూటర్లో మా ఫాంట్లు ఉన్నా లేకపోయినా టెన్షన్ లేదు.

పత్రికల వాళ్ళకు ఇంకా పెద్ద బొమ్మలు కావాలంటే విండోస్ సెట్టింగులు దాచుకునే రిజిస్ట్రీలో మార్పు చేయాలి. కరెంట్ యూజర్, సాఫ్ట్‌వేర్, మైక్రోసాఫ్ట్, ఆఫీస్, 16.0, పవర్‌పాయింట్, ఆప్షన్స్ దాకా దిగి, 'ఎక్స్‌పోర్ట్ బిట్‌మ్యాప్ రిజల్యూషన్' అనే మూడు మాటలను ఇంగ్లిష్‌లో మధ్య ఖాళీ లేకుండా పేరుగా పెట్టి ఒక డీవర్డ్ (అంకె దాచే గడి) చేర్చాలి. విలువను డెసిమల్‌లో 200 అని ఇచ్చి, పవర్‌పాయింట్ మూసి తెరిస్తే అవే స్లయిడ్లు 3200×1600లో వస్తాయి. పని అయ్యాక 96కు మార్చాను, లేకపోతే గోడ లెక్క చెడుతుంది.

లిబ్రేఆఫీస్ ఇంప్రెస్‌లో ఈ తిప్పలు లేవు. పీఎన్‌జీగా ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడే వెడల్పు, ఎత్తు ఎన్ని చుక్కలో అడుగుతుంది. గూగుల్ స్లయిడ్స్‌లో పేజ్ సెటప్‌లోనే కొలత పిక్సెళ్ళలో ఇవ్వవచ్చు. ఈ ఒక్క విషయంలో ఆ రెండూ మేలని నేను ఎవరికైనా చెబుతాను.

సాయంత్రం ఫ్లెక్సీ. కావలసింది 6 అడుగుల బై 3, అంటే 72 బై 36 అంగుళాలు. పవర్‌పాయింట్ ఏ వైపూ 56 అంగుళాలు దాటనివ్వదు. సగం కొలతలో, 36 బై 18లో వేరే ఫైలు చేసి పీడీఎఫ్ తీసి, గవర్నర్‌పేటలో ప్రింటింగ్ ఆయనకు "రెండు వందల శాతం పెంచండి" అని చెప్పాను. 7200 చుక్కల ఫొటో 72 అంగుళాలకు పరిస్తే అంగుళానికి 100. నాలుగడుగుల దూరం నుంచి చూసే ఫ్లెక్సీకి అది పుష్కలం. ఆయన తెర మీద చూసి "బొమ్మ పగలదు, వేసేద్దాం" అన్నారు.

శనివారం, హాలులో

పరీక్ష కోసం ఒక టెస్ట్ కార్డు చేసి పట్టుకెళ్ళాను. 1536×768 బొమ్మ. నాలుగు అంచుల వెంట ఒక చుక్క మందం ఎర్ర గీత. మధ్యలో పెద్ద గుండ్రం. ఒక మూల ఒక్కో చుక్క గడులతో చదరంగం బల్ల నమూనా, అది గింప్ అనే బొమ్మల సాఫ్ట్‌వేర్‌లో చెకర్‌బోర్డ్‌తో చేసింది. ఇంకో మూల 'ఆనకట్ట', 'రాష్ట్రం', 'కృష్ణా' మూడు సైజుల్లో.

మొదట పెట్టగానే చదరంగం మూల బూడిద ముద్దలా వచ్చింది, దాని మీద అలల్లాంటి చారలు. కింద ఎర్ర గీత కనబడలేదు. హాలు ల్యాప్‌టాప్ తెర 1366×768, గోడకు డూప్లికేట్‌లో ఇస్తున్నారు. అప్పుడు రెండు తెరలకూ ఒకే రిజల్యూషన్ పోతుంది, ల్యాప్‌టాప్‌కు పట్టేదే గోడకూ. విండోస్ కీ, పీ కలిపి నొక్కి ఎక్స్‌టెండ్ పెట్టాను. రెండో డిస్‌ప్లేకు 1920×1080 ఇచ్చాను. పవర్‌పాయింట్‌లో స్లయిడ్ షో ట్యాబ్‌లో మానిటర్ దగ్గర రెండోదాన్ని ఎంచుకున్నాను. ఆపరేటర్ ప్రాసెసర్‌లో కుదింపు తీసేసి, సున్నా, సున్నా నుంచి 1536, 768 అని కొట్టాడు.

ఎర్ర గీత నాలుగు వైపులా వచ్చింది. గుండ్రం గుండ్రంగా ఉంది, టేపుతో అడ్డం, నిలువు కొలిచి చూశాం. చదరంగం మూల దగ్గరికెళ్ళి చూస్తే ఒక చుక్క వెలుగు, ఒక చుక్క చీకటి, అంత శుభ్రంగా ఉంది. ఆపరేటర్ తన ఫోన్‌లో ఫొటో తీసుకుని, "ఈ కార్డు నాకు పంపండి మేడమ్, రోజూ ఉదయం ఇదే వేసి చూసుకుంటా" అన్నాడు. వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపితే కుదించేస్తుంది కాబట్టి డాక్యుమెంట్‌గా పంపాను.

చివరి వరుసలో కూర్చుని స్లయిడ్లన్నీ తిప్పించాను. 32 పాయింట్ల అక్షరాలు ఏ ఇబ్బందీ లేకుండా చదవగలిగాను. తెల్లటి నేల ఉన్న రెండు స్లయిడ్లు కళ్ళల్లోకి కొట్టాయి, ముందు నిలబడిన మనిషి నల్లగా కనబడ్డాడు. వాటిని ముదురు నీలానికి మార్చాను. బ్యారేజీ పొడవాటి ఫొటో వేసినప్పుడు కుర్చీలు సర్దుతున్నవాళ్ళు కూడా ఆగి చూశారు. 1,223.5 మీటర్ల కట్టడాన్ని 4:3 తెరలో ఎప్పుడు చూపించినా పైన ఆకాశం, కింద నీళ్ళే సగం తినేసేవి. ఇక్కడ గేట్లు ఒక్కొక్కటీ విడిగా కనబడ్డాయి.

మంగళవారం

ప్రసంగం బాగా జరిగింది. ఇంజినీరు గారు 1952 గండి దగ్గర చాలాసేపు ఆగిపోయారు, ఆ ఒక్క స్లయిడ్ అంతసేపూ గోడ మీదే ఉంది. పట్టిక కాగితాలు అన్నీ అయిపోయాయి.

ఈ ఉదయం ఆయనే ఫోన్ చేశారు. "గుంటూరు బ్రాడీపేటలో కూడా అడుగుతున్నారమ్మా. అక్కడ ప్రొజెక్టరే. కొలత కనుక్కున్నాను, 1280 బై 800 అట." నేను అడగకముందే ఆయన చుక్కల్లో కనుక్కుని చెప్పడం నాకు ఎంతో సంతోషంగా అనిపించింది.

1280ని 96తో భాగిస్తే 13.333, 800ని భాగిస్తే 8.333. పని ఫైలుకు ఒక నకలు తీసి ఈ సైజ్ ఇచ్చాను. వెడల్పు తగ్గుతోంది కాబట్టి పవర్‌పాయింట్ రెండు దారులు చూపించింది: మాక్సిమైజ్ అంటే బొమ్మలు పెద్దగానే ఉండి అంచులు స్లయిడ్ బయటికి పోతాయి, ఎన్‌ష్యూర్ ఫిట్ అంటే అన్నీ లోపల పట్టేలా చిన్నవవుతాయి. రెండోదే ఎంచుకున్నాను. దానితో అక్షరాలు కూడా చిన్నవయ్యాయి, అన్నింటినీ తిరిగి 32కు పైకి తేవాలి. బ్యారేజీ ఫొటో వెడల్పంతా నింపితే ఎత్తు 6.667 అంగుళాలు, కింద 1.667 అంగుళాల పట్టీ మిగులుతుంది. ఆ పట్టీలో గేట్ల వివరం ఒక లైను పెడుతున్నాను. టెస్ట్ కార్డు 1280×800లో ఇంకొకటి చేయాలి. ప్రొజెక్టరును ఏటవాలుగా పెట్టి, వంకరపోయిన బొమ్మను కీస్టోన్ సెట్టింగుతో సరిచేస్తే చుక్కకు చుక్క అన్న లెక్క నిలవదు కాబట్టి, దాన్ని తెరకు సూటిగా ఎదురుగా పెట్టించమని అక్కడి వాళ్ళకు ముందే చెప్పాలి.